కాలినా తెలియని చేతులు

మా అత్తగారికి నా ఉద్యోగం ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. డాక్టరు చదివిన కోడలు ఇంట్లో మందుచీటీ రాయదు. పక్కింటివాళ్లకు జ్వరమొస్తే వేరే డాక్టరు దగ్గరికి వెళ్లమంటుంది. పొద్దున్నే టెక్కలిలో జీపెక్కి ఉద్దానం పోయి, సాయంత్రానికి చెప్పుల నిండా ఇసకతో ఇల్లు చేరుతుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశారు.

"రోగులకి మందు నువ్వే ఇత్తావేటి?"

"నేనివ్వను అత్తయ్యా. ఇచ్చిన మందు పనిచేస్తోందా లేదా అని చూస్తాను."

"పనిసేత్తాదో నేదో తెలీకుండానే ఇచ్చెత్తన్నారేటి?"

దానికి నా దగ్గర జవాబుంది. అయితే అది చెప్పడానికి అరగంట పడుతుంది, ఆవిడేమో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చారు. మా వృత్తిలో చాలా ప్రశ్నల సంగతి ఇంతే. అడిగినవాళ్లకు తీరిక ఉండదు, చెప్పాల్సినవాళ్లకు ఓపిక ఉండదు.

నేను రిటైరయ్యాక, ప్రజారోగ్యం చదువుతున్న పిల్లలు కొందరు ఇంటికొచ్చారు. ఏ దేశాలు తిరిగారు, ఎన్ని పేపర్లు వేశారు, ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి అని అడిగారు. అన్నిటికీ చెప్పాను. వాళ్లు టీ తాగి వెళ్లిపోయాక నా మీద నాకే విసుగొచ్చింది. వాళ్లు అడగాల్సింది అడగలేదు, నేను చెప్పాల్సింది చెప్పలేదు. ఆ మిగిలిపోయిందే ఇప్పుడు రాస్తున్నాను. ఉత్సాహం కలిగించే రాత కాదిది. నేను అలిసిపోయి ఉన్నాను, ఆ సంగతి దాచి రాయడం నాకు చేతకాదు.

పేరులోని నిర్లక్ష్యం

నేను పనిచేసింది బోదకాలు, కుష్ఠు, కడుపులో నులిపురుగులు లాంటి రోగాల మీద. వీటన్నిటికీ కలిపి పెద్ద పేరొకటుంది: నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధులు. ఎవరు నిర్లక్ష్యం చేశారో మాత్రం ఆ పేరులో ఉండదు. ఉంటే, వాటి మీద జరిగే సభల్లో ముందు వరస కుర్చీలు సగం ఖాళీగా ఉండేవి.

ఉద్దానంలో వీటికి ఇంకో కష్టం ఉంది. ఈ నేల పేరు చెప్పగానే బయటివాళ్లకు కిడ్నీ జబ్బు ఒక్కటే గుర్తొస్తుంది. దాని కోసం వచ్చినన్ని కార్లు ఈ మట్టిరోడ్ల మీద పెళ్లిళ్లకు కూడా రాలేదు. ఆ కార్లు లేపిన దుమ్ములో వెనకాల మా జీపు వచ్చేది. సోంపేట వైపు ఏ ఊళ్లో దిగినా మొదటి ప్రశ్న ఒకటే.

"ఏటమ్మా, కిడ్నీలోలేనా?"

"కాదు. ఒంటి మీద మచ్చలు చూసేవాళ్లం."

"ఓస్, మచ్చలా! జీడిపిక్కల ఏరుళ్లయిపోనాక రండమ్మా."

వాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాలేదు. ఇంట్లో ఒకరు డయాలసిస్ మీద ఉంటే, వీపు మీద నొప్పి లేని మచ్చ గురించి ఎవరు ఆలోచిస్తారు? కుష్ఠు తెలివంతా అక్కడే ఉంది. అది నొప్పి పెట్టదు. నొప్పి పెట్టని రోగాన్ని వెతుక్కుంటూ, నొప్పితో ఉన్న ఊళ్లు తిరగడమే నా ఉద్యోగం.

ఇద్దరు పెద్దలు

నేను చాలామంది కింద పనిచేశాను. వాళ్లలో ఇద్దరి గురించి చెప్తే చాలు.

మొదటాయన కుష్ఠు కాలనీల రోజుల నుంచి ఉన్నవాడు. పొట్టిమనిషి, నోరు మంచిది కాదు. నేను రాసిన మొదటి రిపోర్టు అందరి ముందు చదివి, దీనికంటే పలాస స్టేషన్లో రైళ్ల బోర్డు నయం, అన్నాడు. ఆ రోజు జీపు వెనక నిలబడి ఏడ్చాను. కానీ ఆయన నేర్పింది ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. ఎవరింటికి వెళ్లినా ముందు మంచినీళ్లు అడిగి తాగాలి, ఆ తర్వాతే చెయ్యి పట్టుకుని చూడాలి. మర్యాద కోసం చెప్తున్నాడనుకున్నాను. కాదు. వాళ్లిచ్చిన గ్లాసు అందుకోకుండా మనం చెయ్యి వెనక్కి లాగేసుకుంటామా అన్నది వాళ్లు చూసుకోవడానికి వాళ్లకో అవకాశం ఇవ్వడం అది.

రెండో ఆయన్ని ప్రొఫెసర్ గారు అందాం. ఢిల్లీలో ఉండేవారు. విదేశాల నుంచి నిధులు తెచ్చేవారు. ఏడాదికి రెండుసార్లు విశాఖలో విమానం దిగి, కార్లో వచ్చి, కొబ్బరితోటలో బొండాం తాగి, మా రాతపనంతా ఒక పూటలో చూసి వెళ్లేవారు. తెలివైన మనిషి. వెటకారానికి అనడం లేదు, లెక్క ఎక్కడ తప్పిందో పేజీ తిప్పకుండానే చెప్పేవారు. అరిచేవారు కాదు. మా పిల్లల చదువుల గురించి అడిగేవారు. మొదటాయన కంటే ఈయన దగ్గర పని సుఖంగా ఉండేది.

ఆ సుఖంలోనే ఒక తప్పు జరిగిపోయింది. పలాస, కాశీబుగ్గల్లో జీడి మిల్లులున్నాయి కదా. పిక్క కొట్టినప్పుడు చిప్పలోంచి ఒక నూనె కారుతుంది. అది తగిలితే చర్మం కాలి, నల్లబడి, పొరలుగా ఊడిపోతుంది. ఆడవాళ్లు వేళ్లు బూడిదలో ముంచుకుంటారు, ఆముదం రాసుకుంటారు, అయినా కాలుతుంది. అక్కడ పనిచేసే ఆడవాళ్ల చేతులు చూసి వయసు చెప్పలేం. ప్రొఫెసర్ గారు అది గమనించి, మిల్లు కూలీల విషయంలో మణికట్టు నుంచి కింద కనిపించే మచ్చల్ని పట్టించుకోనక్కర్లేదని నియమం పెట్టారు. అవన్నీ పరీక్షిస్తూ కూర్చుంటే సర్వే ఎప్పటికీ తెమలదు. ఢిల్లీలో గానీ ఇక్కడ గానీ ఎవరూ కాదనలేదు. చాలా సబబుగా ఉంది మరి.

ఎర్రనీళ్లు

మా చివరి ప్రాజెక్టు ఒక మందు గురించి. కుష్ఠు ఉన్న మనిషికి దగ్గరగా మసిలేవాళ్లకు ముందే ఒక్కసారి ఆ మందు మింగిస్తే, వాళ్లకు రోగం వచ్చే అవకాశం తగ్గుతుంది. మందు కొత్తది కాదు. దాన్ని ఊళ్లలో ఎలా ఇస్తే జనం ఒప్పుకుంటారన్నదే మేం చూడాల్సింది.

ఈ మందు వేసుకుంటే ఒకరోజు మూత్రం ఎర్రగా వస్తుంది. ప్రమాదమేమీ లేదు. ఢిల్లీలో అచ్చయిన కరపత్రంలో ఆ ముక్క అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మేం మొదట వెళ్లింది సంతబొమ్మాళి వైపు ఒక ఊరికి. జనం చక్కగా వరసలో నిలబడి మింగారు. మేం సంతోషంగా ఇంటికొచ్చేశాం.

ప్రపంచంలో ఇంకెక్కడైనా ఆ చిన్న అక్షరాలు సరిపోయేవేమో. ఇక్కడ పిల్లలకు కూడా కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్ అనే మాట నోటికొచ్చు. మర్నాడు పొద్దున మేం వెళ్లేసరికి ఊళ్లో సగంమంది ఆటోలెక్కి రక్తపరీక్షలకు టెక్కలి బయల్దేరిపోయారు. మిగిలిన సగం మా జీపు చుట్టూ చేరారు. ఒక పెద్దాయన మంచినీళ్ల సీసాలో ఎర్రటి మూత్రం పట్టి తెచ్చి నా మొహం ముందు ఊపాడు.

"సూడమ్మా, సూడు! మచ్చలు సూత్తామని సెప్పి మా కిడ్నీలు తీసీసినారు గదా!"

నేనెంత చెప్పినా వినలేదు. చివరికి నేనూ వాళ్లెదురుగా అదే మందు మింగాను. మరుసటి రోజు నా సీసా నేను పట్టుకెళ్లి ముందురోజు ఆయన తెచ్చిన సీసా రంగూ ఇలాగే ఉందా అని అడిగాను. ఆయన కాసేపు తేరిపార చూసి, "నీదే ఇంకా ఎర్రగున్నాదమ్మా," అన్నాడు. అప్పుడు ఊరంతా నవ్వింది. నేను నా జీవితంలో ఇచ్చిన ప్రసంగాలన్నిటిలోకీ బాగా పనిచేసింది ఆ సీసాయే. పిల్లలూ, మందు గురించి పుస్తకంలో చదువుకోండి గానీ, అది ఏ ఊళ్లో మింగిస్తున్నారో ఆ ఊరి భయాలు ముందు తెలుసుకోండి.

పెనం మీద చెయ్యి

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న మనిషి దగ్గరికి వస్తున్నాను. కాశీబుగ్గ దాటి ఉద్దానంలోకి వెళ్లే దారిలో ఒక పేట ఉంది. పేరు చెప్పను. ఆవిడ పేరు కూడా ఇది కాదు, రూతమ్మ అందాం.

అక్కడ మిషన్ కాలంలో కట్టిన బాప్టిస్టు చర్చి ఉంది. మగవాళ్లు తోటల్లో కూలికి పోతారు, ఆడవాళ్లు చాలామంది పలాస జీడి మిల్లుల్లో చేస్తారు. క్యాంపు పెట్టుకోవడానికి పాస్టరు గారి అనుమతి అడగడానికి ఒక శనివారం సాయంత్రం వెళ్లాను. మర్నాడు నెలలో మొదటి ఆదివారం. ఆ రోజు ప్రభు బల్ల జరుగుతుంది, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. చర్చి వెనక పాకలో ఆ రొట్టె తయారవుతోంది.

చేస్తున్నావిడ రూతమ్మ. యాభై దాటిన మనిషి, భర్త లేడు, కొడుకూ కోడలూ మనవలూ ఉన్నారు. పక్కన ఇద్దరు ఆడవాళ్లు కబుర్లు చెబుతూ కూర్చున్నారు. ఆవిడ గోధుమపిండి రొట్టె పలచగా ఒత్తి, కాలుతున్న పెనం మీద వేసి, దాన్ని అట్లకాడతో కాకుండా వేళ్లతో తిప్పుతోంది. తొందర కూడా లేదు. అరచేత్తో అంచులు నొక్కుతోంది.

"చెయ్యి కాలడం లేదా?" అన్నాను.

"జీడి మిల్లు సెయ్యమ్మా ఇది. దీనికేటవుద్ది! పిక్కలు కొట్టి కొట్టి రాయైపోనాది."

పక్కావిడ నవ్వింది. "రూతత్తకి బూడిదొద్దు, ఆమదమొద్దు. మిల్లులో మాయందరికన్నా ఈవిడే గట్టి."

రూతమ్మ మొహంలో గర్వం కనిపించింది. మంచినీళ్లడిగి తాగాను. పని అయ్యాక పాస్టరు గారింట్లో ఎవరూ లేని గదిలోకి పిలిచి చెయ్యి చూశాను. చూపుడువేలి కొసన అప్పుడే పొంగిన బొబ్బ ఉంది. అది ఉన్నట్టు ఆవిడకు తెలియదు. చిటికెనవేలు కొద్దిగా వంగుతోంది. మోచేతి వెనక నరం తాడులా చేతికి తగిలింది. కళ్లు మూసుకోమని, నేను ముట్టిన చోట వేలుపెట్టి చూపించమని చెప్పి, దూదిపోగుతో ముట్టాను, తర్వాత పెన్నుతో నొక్కాను.

ఆవిడ కళ్లు మూసుకుని బుద్ధిగా కూర్చుంది. కాసేపయ్యాక అడిగింది.

"ముట్టవేటి డాట్రమ్మా?"

అప్పటికి నేను చాలాసార్లు ముట్టాను.

ఆ మాట విన్నాక నాకు వచ్చింది జాలి కాదు, కోపం. మణికట్టు కింద మచ్చలు చూడొద్దన్న నియమం మీద, దాన్ని సబబే అనుకున్న మా అందరి మీద. అంతకు ముందే సర్వే మనిషి ఈ పేటకు వచ్చి వెళ్లాడు. రూతమ్మ వీపు చూశాడు, ముంజేతులు చూశాడు, ఏమీ లేదని రాశాడు. నియమం ప్రకారం అతను చేసిందాంట్లో తప్పు లేదు. నేను ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసి ఆ నియమం తీయించాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు కూడా. మిల్లు ఆడవాళ్లను మళ్లీ పరీక్షిస్తే ఇంకొందరు బయటపడ్డారు. వాళ్లందరూ రూతమ్మ లాగే చెప్పారు, జీడి కాలిందిలే అనుకున్నామని.

ఎవరికి చెప్పాలి

ఆస్పత్రిలో రోగం రూఢి అయ్యాక రూతమ్మ ఇంటికి వెళ్లి చెప్పాను. మందు ఉందని, ఉచితమని, క్రమంగా వాడితే పూర్తిగా పోతుందని, చెయ్యి ఇంకా పాడవకుండా ఆపుకోవచ్చని చెప్పాను. ఆవిడ తన చెయ్యి గురించి అడగలేదు.

"ఇన్నాల్లూ రొట్టి సేసినాను గదా. తిన్నోలకి వత్తాదా?"

"రొట్టె వల్ల రాదు రూతమ్మా. ఏళ్ల తరబడి దగ్గరగా మసిలితే ఊపిరి ద్వారా వస్తుంది, అదీ ఏ కొద్దిమందికో. నువ్వు మందు మొదలెట్టాక నీ వల్ల ఎవరికీ రాదు."

"మరి ఇంతకు ముందు మసిలినోలకి?"

అక్కడుంది చిక్కు. ఆదివారం మధ్యాహ్నాలు పేటలోని చిన్నపిల్లలందరూ రూతమ్మ ఇంట్లో చాప మీద కూర్చుని వాక్యాలు నేర్చుకుంటారు. తల్లులు మిల్లు ఓవర్‌టైముకి పోతే ఆవిడ దగ్గరే తిని ఆవిడ దగ్గరే పడుకుంటారు. ముందు జాగ్రత్త మందు ఎవరికైనా ఇవ్వాలంటే మొదట ఆ పిల్లలకివ్వాలి. ఆ పిల్లలకు మాత్రమే ఇస్తే, కారణం ఎవరో చెప్పకుండానే తెలిసిపోతుంది. పేట మొత్తానికీ ఇచ్చేద్దాం, ఎవరి పేరూ బయటికి రాదు, అని ప్రొఫెసర్ గారిని అడిగాను.

"ఊరంతటికీ ఇస్తే ఇక స్టడీ ఎక్కడుంటుందమ్మా?" అన్నారాయన. "రోగికి దగ్గరివాళ్లకు ఇచ్చినప్పుడు ఎంతమంది ఒప్పుకుంటారన్నదే మన ప్రశ్న. అయినా ఆమె ఇష్టం లేకుండా ఎవరికీ చెప్పొద్దు. ఇంట్లోవాళ్లకిచ్చి ఊరుకోండి. నైతికంగా అది సరిపోతుంది."

సరిపోతుంది. నిబంధనల ప్రకారం ఎక్కడా తప్పులేదు. అదే మాట రూతమ్మకు చెప్పాను, నువ్వు ఎవరికీ చెప్పనక్కర్లేదు, మీ ఇంట్లోవాళ్లకు మందిస్తాం, పిల్లల్ని ఏటా చూస్తూ ఉంటాం, అని. ఆవిడ తన అత్త గురించి చెప్పింది.

"మా కులం సూసి మాయత్తకి ఊల్లో టీ కొట్టుకాడ గలాసు ఏరేగా పెట్టీవోలు డాట్రమ్మా. తాగి, కడిగి, బోర్లించి రావాల. ఆ రోజుల్లోనే సంఘంలో రొట్టి సేసీ పని మాయత్తకి ఇచ్చినారు. అందరూ ఒకే పల్లెంలోంచి తీసుకున్నారు. సచ్చిపోతూ పెనం నాకిచ్చినాది. నాకు పొలం నేదు, బంగారం నేదు. ఇదొక్కటుంది."

"అందుకే చెప్పొద్దంటున్నాను."

"సెప్తే రొట్టి పోద్ది గదా?"

పోదు అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ నా వంక చూస్తోంది. "పోవచ్చు," అన్నాను.

"సెప్పకపోతే?"

"పిల్లల్లో ఎవరికో ఒకరికి రావచ్చు. రాకపోవచ్చు. మందు వేస్తే వచ్చే అవకాశం తగ్గుతుంది."

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేదిది. మీరు అనుమతి పత్రం చదివి వినిపిస్తారు, అవతలి మనిషి వేలిముద్ర వేస్తారు, దాన్ని మీరు సమ్మతి అంటారు. ఆ మనిషి ఆ నిమిషంలో ఏం పోగొట్టుకోవడానికి ఒప్పుకుంటున్నారో ఆ పత్రంలో ఎక్కడా ఉండదు. అది మీరు అడిగి తెలుసుకోవాలి. తెలుసుకున్నాక హాయిగా నిద్రపట్టదు, అయినా తెలుసుకోవాలి.

సాక్ష్యం

ఆ సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలకు సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పవచ్చు. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని, ఆపరేషన్ బాగా జరిగిందని చెబుతారు. తర్వాతి ఆదివారం రూతమ్మ నన్ను రమ్మంది. ఆడవాళ్ల వైపు వెనక చాప మీద కూర్చున్నాను. ఆవిడ పైట తల మీదికి లాక్కుని లేచింది.

"సంఘానికి వందనాలు. నాను సెప్పేది సాక్ష్యమో కాదో నాకు తెల్దు. నా సేతికి పెద్దరోగం ఒచ్చినాది. డాట్రమ్మ సూసి సెప్పినాది. మందేసుకుంతన్నాను, తగ్గిపోద్ది. రొట్టి వల్ల ఎవులికీ రాదంట. గానీ మీ పిల్లగుంటలు నా సాప మీద కూకుంతారు, నా పక్కలో తొంగుంతారు. ఆలకో మందున్నాది. ఏయించండి. కోపమొత్తే నా మీద పెట్టుకోండి, మందు మీద పెట్టకండి."

అలవాటు కొద్దీ వెనక ఒక ముసలాయన "స్తోత్రం" అన్నాడు. పాస్టరు గారు లేచి దీర్ఘంగా ప్రార్థన చేశారు. ప్రార్థనలో రూతమ్మ కోసం, పిల్లల కోసం అడిగారు, అది నటన కాదు. బయటికొచ్చాక ఆడవాళ్లు రూతమ్మ చుట్టూ చేరి ఏడ్చారు. ఒకావిడ కావలించుకుంది. నాకు ఎంత తేలికైందో చెప్పలేను. మనుషుల గురించి అనవసరంగా భయపడ్డానని సిగ్గుపడ్డాను కూడా.

మందు రోజున పేటలో ఒక్కరూ వద్దనలేదు. ముందు చర్మం చూసి, మూత్రం ఎర్రగా వస్తుందని మైకులో పదేపదే చెప్పి మరీ ఇచ్చాం. మాకు లెక్కలోకి రానివాళ్లు కూడా వరసలో నిలబడ్డారు. ఫోన్లో ప్రొఫెసర్ గారు ఎంతో సంతోషించారు.

బల్ల

తర్వాతి మొదటి ఆదివారం ప్రభు బల్ల జరగలేదు. ద్రాక్షరసం అందలేదని పాస్టరు గారు చెప్పారు. ఆపై నెల ఉపవాస కూటాలొచ్చాయి. ఆ తర్వాత పాస్టరు గారు ఏదో సభలకు శ్రీకాకుళం వెళ్లారు. నేను మందు ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా ఒక కొత్త కారణం వినిపించేది. చివరికి ఆయన్ని నిలదీశాను.

"నన్నేం చెయ్యమంటారు డాక్టరమ్మగారూ?" అన్నారాయన. "రూతమ్మను మానుకోమని నేను చెప్పలేను, నాకు నోరు రాదు. ఆవిడ చేసింది తెస్తే, పళ్లెంలో అలాగే మిగిలిపోతుందేమోనని భయం. అది ఆవిడ కళ్లెదురుగా జరగనివ్వలేను. అందుకే వాయిదా వేస్తున్నాను."

"మీరు మొదట తీసుకుని తినండి. మిగతావాళ్లు తింటారు."

"నేను తింటానమ్మా," అన్నారు, నా వైపు చూడకుండా. "మా ఆవిడ కూడా ఒప్పుకోవాలి కదా."

ఆయన చెడ్డమనిషి కాదు. ఆ పేటలో చెడ్డవాళ్లెవరూ నాకు తగల్లేదు. చెడ్డవాళ్లుంటే వాళ్లతో పోట్లాడి ఇంటికొచ్చి అన్నం తిని పడుకుందును.

ఆ ముడి విప్పింది రూతమ్మే. ఒక శనివారం పెనం, రొట్టెలొత్తే కర్ర శుభ్రంగా తోమి, తెల్లగుడ్డలో చుట్టి, కోడలి చేత పాస్టరమ్మగారింటికి పంపించింది. నా వల్ల బల్ల ఆగకూడదు, అని కబురు చేసింది. వాళ్లు తీసుకున్నారు. మర్నాడు బల్ల జరిగింది. రొట్టె పాస్టరమ్మగారు చేశారు, వేరే పెనం మీద. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పళ్లెం పట్టుకున్నతను వరసలో వస్తూ వస్తూ, రూతమ్మ ముందు మనిషి దగ్గర ఆగి, అవతలి వరసకు తిరిగాడు. అందరికీ అయ్యాక ఆవిడ దగ్గరికి వచ్చాడు. అలా చెయ్యమని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. ఆవిడ ముక్క తీసుకుని, కళ్లు మూసుకుని, తింది.

విశాఖ హోటల్లో మా ఫలితాల సభ జరిగింది. ఈ పేటను ప్రొఫెసర్ గారు ప్రత్యేకంగా తెరమీద చూపించారు. రోగి స్వయంగా చెప్పడంతో సముదాయం నూటికి నూరుపాళ్లు మందు స్వీకరించింది, అన్నారు. చప్పట్లు కొట్టారు. టీ విరామంలో ఆయనకు రొట్టె సంగతి చెప్పి, దాన్ని కూడా పేపర్లో రాద్దామన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు, బాధపడ్డారు. "కానీ అది మన కొలమానాల్లో లేదు కదమ్మా," అన్నారు. నిజమే, లేదు. మేం కొలిచింది మందు మింగారా లేదా అన్నది. మింగారు.

కోర్సు పూర్తయ్యాక

రూతమ్మ ఒక్కపూట కూడా మానకుండా కోర్సు పూర్తి చేసింది. చిటికెనవేలు వంగడం ఆగింది. పోయిన స్పర్శ తిరిగి రాలేదు, చాలామందికి రాదు. మిల్లులో పిక్కలు కొట్టే పని మానేసి, పప్పు ఏరే బల్ల దగ్గరికి మారింది. కొన్నాళ్లు మానేసిన పిల్లలు మళ్లీ ఆవిడ చాప మీద కూర్చున్నారు. నేను చూసినంతవరకు వాళ్లలో ఎవరికీ మచ్చ కనపడలేదు. నా వృత్తిలో గెలుపు అంటే ఇదే, దీన్ని తక్కువ చేసి మాట్లాడను.

రొట్టె పని మాత్రం తిరిగి రాలేదు. కోర్సు పూర్తయిన కాగితం పాస్టరు గారికి చూపించాను. పెద్దలందరూ ఒక మాటనుకోవాలి, అన్నారు. ఇంకోసారి అడిగితే పాస్టరమ్మగారు అలవాటు పడిపోయారు, అన్నారు. మూడోసారి అడగడానికి నాకే ఓపిక లేకపోయింది. ఆ నెలలోనే నేను రిటైరయ్యాను.

చెప్పి వద్దామని రూతమ్మ ఇంటికి వెళ్లాను. నీ రోగం పూర్తిగా పోయింది, ఇక నువ్వు ఎవరికీ భయపడనక్కర్లేదు, అని చెప్పాను. ఆవిడ తలూపి లోపలికి వెళ్లింది. కొత్త పెనం మీద రొట్టె కాల్చి, ఈసారి గుడ్డతో పట్టుకుని తీసి, పళ్లెంలో పెట్టి తెచ్చింది. నేను తింటున్నంతసేపూ నా నోటి వంకే చూసింది. మొత్తం తినేశాను. చాలా బాగుంది రూతమ్మా, అన్నాను.

"నువ్వు తింతావు డాట్రమ్మా," అంది. "నీకు రోగం సంగతి తెలుసు, తినకేటి సేత్తావు. తెలీనోలు తినాల. ఆలు తిన్నరోజు రా. నాకు రోగం పోనాదని అప్పుడు సెప్పు."

నేను మళ్లీ ఆ పేటకు వెళ్లలేదు.